పలకని పెట్టెలు

సెతూబల్ రేవులో, చేప డబ్బాల గిడ్డంగిలో
డిసెంబరు ముప్పయ్యో తారీఖు రాత్రి
ఏడాది సరుకు లెక్క.
డెల్ఫీనా కుడి మణికట్టుకి ఊలు గుడ్డ చుట్టుకుంది.
పదిహేడేళ్ళుగా ఆ చేతిలో అదే స్కానరు,
పిడి చుట్టూ నల్లటేపు మూడు పొరలు.
ఒక్కో అట్టపెట్టె ముందు వంగి
చారల మీద ఎర్రగీత ఆనిస్తుంది.
కీచుమంటే ఆ పెట్టె ఉన్నట్టు.
అంతదాకా కళ్ళెదుట ఉన్నా లేనట్టే.

నేను నిచ్చెన మీద.
పై వరస పెట్టెల్ని చారలు కనబడేలా తిప్పడం నా పని.
మనిషన్నవాడెవడూ పెట్టెని
చారలు బయటికి ఉండేలా పేర్చడు;
ఈ కొలువులో నేను నేర్చిన మొదటి సత్యం అదే.
నూనె మరక పడితే చదవదు. తడిసి నలిగినా అంతే.
అప్పుడు డెల్ఫీనా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
పదమూడు అంకెలు పైకి చదువుతుంది,
పసివాడికి మందు పోస్తున్నట్టు, చుక్క చుక్కగా.

తొమ్మిదింటికి తెల్మో వచ్చాడు, పోర్తో నుంచి,
యజమాని క్వారెజ్మా రమ్మంటే.
సంచీ నిండా చీటీలు, ఉల్లిపొరంత పల్చన,
ప్రతి పొర లోపలా మెలికలు తిరిగిన తీగ.
"వీటిని చూడక్కర్లేదు, పిలిస్తే చాలు.
పెట్టె వెనక పెట్టె ఉన్నా పలుకుతాయి."
బడిలో హాజరు పిలిచినట్టా? అన్నాను.
"కాదు. పిల్లలంతా ఒక్కసారే 'ఉన్నాను' అని అరిస్తే
ఏ గొంతు ఎవరిదో టీచరు పోల్చుకున్నట్టు."
ఆ మాట నచ్చి నిచ్చెన దిగాను.

ముందు ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు.
చెయ్యి ఎత్తాడో లేదో
నూట నలభై ట్రేలూ తెర మీదికి దూకాయి.
డెల్ఫీనా మణికట్టు నిమురుకుంది. ఏమీ అనలేదు.

తర్వాత సార్డీన్లు.
రేకు పిలుపుని తిప్పికొట్టింది,
లోపలి టమాటా పులుసు మిగిలింది మింగింది.
తొంభై ఆరు పెట్టెల్లో నలభై ఒకటి పలికాయి.
నాలుగడుగులు పక్కకి జరిగి పిలిస్తే యాభై మూడు.
వెనక్కొస్తే ముప్పయ్యెనిమిది.
మేమేమీ తియ్యలేదు, పెట్టలేదు.
ఇంతలో తెర మీద ఓ కొత్త నంబరు,
ఏ జాబితాలోనూ లేనిది.
వరసలన్నీ వెతికాం, బల్లల కింద కూడా.
చివరికి అది తెల్మో కొత్త కోటు కుట్టులో దొరికింది,
దుకాణం వాళ్ళు కత్తిరించడం మరిచిన చీటీ.
"పోనీలే, ఒకటి ఎక్కువే వచ్చింది" అంది డెల్ఫీనా.
ఆ రాత్రి మొదటిసారి నవ్వడం అదే.

తెల్మో దాచలేదు పాపం.
రేకు మీద పనిచేసే చీటీలు వేరే ఉన్నాయన్నాడు,
ఖరీదు పదింతలన్నాడు.
క్వారెజ్మా గడ్డం గోక్కుని డెల్ఫీనా వైపు చూశాడు.

"చార మూగది," అంది ఆమె,
"దగ్గరికెళ్ళి మొహం చూడనిదే చెప్పదు.
చూస్తే మాత్రం మాట మార్చదు.
నీ చీటీ అడక్కుండానే మాట్లాడుతుంది, బాబూ.
పలకలేదనుకో,
లేకపోయిందో, వినబడలేదో నాకెలా తెలియాలి?"

ఎవరం మాట్లాడలేదు. శీతల గది మోటారు ఆగి మళ్ళీ మొదలైంది.

"ట్రేలకి మాత్రం అతికించు," అంది కాసేపటికి.
"పడవల వాళ్ళు పట్టుకెళ్ళి
ఇచ్చేశామని ఒట్లు పెడతారు."

తెల్మో వెళ్ళాక ఏడో వరస దగ్గర ఆగిపోయింది.
ముక్కు ఎగబీల్చి, కీచుమన్న పెట్టెనే
మళ్ళీ కిందికి దించి విప్పింది.
ఒక డబ్బా మూత ఉబ్బి ఉంది.
"అది లెక్కలో ఉందిగా" అన్నాను.
"ఉంది" అంటూ తీసి గుమ్మం అవతల పెట్టింది.

తిరిగొచ్చి స్కానరు నా చేతిలో పెట్టింది,
"ఇవాళ్టికి నిచ్చెన నేను ఎక్కుతాలే, నిల్టన్."
టేపు ఇంకా వెచ్చగా ఉంది.
వంగి ఎర్రగీత ఆనించాను. కీచు. కీచు. కీచు.
నలభయ్యో పెట్టెకి తెలిసింది
మణికట్టులో ఎన్ని ఎముకలుంటాయో.